రోలింగ్ మిల్లు బేరింగులకు డిజిటల్ ట్విన్: అసలు దేనికి కట్టాలి?

బార్‌మిల్లు మెకానికల్, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. ఎర్రగా కాలిన ఉక్కును రోల్స్ మధ్య నొక్కి ఇళ్ల కట్టడాలకు వాడే కడ్డీలు తీసే మిల్లులో మెకానికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. మాది 18 స్టాండ్ల మిల్లు, అంటే కడ్డీని నొక్కే రోల్స్ జతలు వరుసగా 18 ఉంటాయి. రోల్ నెక్ (రోల్ చివర ఉండే ఇరుసు భాగం) బేరింగు నడుస్తుండగా బిగుసుకుపోతే ఏమవుతుందో ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు. నెక్ కాలిపోతుంది, చాక్ (బేరింగును పట్టి ఉంచే ఇనుప గూడు) పనికిరాకుండా పోతుంది, ఎర్రగా కాలిన కడ్డీ ముందుకు దారిలేక పైకి ఎగసి కోబుల్ అవుతుంది. ఆ సమయంలో దగ్గర మనిషి ఉంటే ప్రాణాపాయం. నా ఆరాటమంతా అందుకే.

యాజమాన్యం ఇప్పుడు డిజిటల్ ట్విన్ (యంత్రంతో పాటే కంప్యూటరులో నడిచే దాని నకలు) పెట్టించాలనుకుంటోంది. చూపించడానికి వచ్చినవారు తెరమీద మిల్లు బొమ్మ తెచ్చారు. ఏ స్టాండు మీద నొక్కినా దాని ఉష్ణోగ్రత, కరెంటు కనిపిస్తాయి. బొమ్మ చక్కగానే ఉంది గానీ, బేరింగు చెడిపోతోందని కనీసం ఒక షిఫ్టు ముందు నాకు చెప్పగలదా అని అడిగితే సూటిగా జవాబు రాలేదు.

నా సందేహాలు ఇవి. కంపనాల పరిశీలనకే ఇది కొత్త పేరా, లేక నిజంగా వేరే పనా? మా దగ్గర పాడైన బేరింగుల కొలతలు నిల్వ లేవు, మరి కంప్యూటరుకు లోపాన్ని గుర్తుపట్టడం ఎలా నేర్పాలి? సెన్సార్లు ఎక్కడ బిగించాలి?

కంపన విశ్లేషకురాలు, హైదరాబాదు

మొదటి ప్రశ్నకు నా జవాబు: వేరే పనే, కానీ మీకు చూపించిన బొమ్మ ఆ పని కాదు.

ఈ ఆలోచనను 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రీవ్స్ ముందుకు తెచ్చారు. 2010 ప్రాంతంలో నాసా పత్రాల ద్వారా ఆ పేరు వాడుకలోకి వచ్చింది. తయారీ రంగంలో దీనికి ఐఎస్ఓ 23247 అనే ప్రమాణం 2021లో వెలువడింది. అయితే రోలింగ్ వారికి ఈ పద్ధతి అంతకంటే ఎంతో పాతది. బ్రిటిష్ ఇనుము ఉక్కు పరిశోధన సంఘం వారు 1950ల నాటికే గేజ్‌మీటర్ సూత్రాన్ని మిల్లుల్లోకి తెచ్చారు. రోల్స్ మధ్య పెట్టిన ఖాళీ ఎంత, లోడ్ సెల్ చూపిస్తున్న బలం ఎంత, స్టాండు ఎంత సాగుతుంది అన్నవి తెలిస్తే, బయటికొచ్చే రేకు మందం కొలవకుండానే లెక్క కట్టవచ్చు. యంత్రం పక్కనే దాని లెక్క కూడా నడుస్తూ ఉండడమంటే అదే.

మామూలు పరిశీలన "నిన్నటి కంటే పెరిగిందా?" అని అడుగుతుంది. ట్విన్ అడగవలసింది "ఈ బలం, ఈ వేగం, ఈ నీటి ఉష్ణోగ్రత ఉన్నప్పుడు ఇంత ఉండడం సహజమేనా?" అని. పరుగెత్తి వచ్చినవాడి నాడి వేగంగా కొట్టుకుంటే వైద్యుడు కంగారుపడడు, కూర్చున్నవాడికి అలా ఉంటేనే ఆలోచిస్తాడు.

మీ మిల్లుకే వర్తించే లెక్క ఒకటి చెబుతాను. ఒక స్టాండులో రోలింగ్ బలం 1000 కిలోన్యూటన్లు, రెండు బేరింగుల మధ్య దూరం 1200 మిల్లీమీటర్లు అనుకుందాం. కడ్డీ రోల్ మధ్యలోని గాడిలో నడిస్తే ఒక్కో బేరింగు మీద 500 పడుతుంది. గాడి అరిగి, ఎడమ బేరింగుకు 300 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గాడికి మార్చారు. ఇప్పుడు ఎడమ బేరింగు మీద 750, కుడి దాని మీద 250. నెక్ వ్యాసం 280 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 100 చుట్లు అయితే, సిలిండ్రికల్ రోలర్ బేరింగుకు సాధారణంగా తీసుకునే 0.0011 ఘర్షణ గుణకంతో ఎడమవైపు పుట్టే వేడి దాదాపు 0.8 కిలోవాట్ల నుంచి 1.2కు పెరుగుతుంది. కుడివైపు 0.4కు తగ్గుతుంది. లోపం ఎక్కడా లేదు, గాడి మారిందంతే. ఇది తెలియని కంప్యూటరు ఎడమ బేరింగు వేడెక్కుతోందని అలారం కొడుతుంది. అంతకంటే ప్రమాదకరం, కుడి బేరింగు నిజంగా చెడిపోతున్నా మామూలు ఉష్ణోగ్రతే కదా అని ఊరుకుంటుంది.

ఆయుష్షు లెక్క ఇంకా తీవ్రం. రోలర్ బేరింగుల లెక్కలో బలానికి ఘాతం 10/3. బలం ఒకటిన్నర రెట్లయితే లెక్క ప్రకారం ఆయుష్షు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఏ గాడిలో ఎన్ని టన్నులు నడిపారో రాసిపెట్టకుండా ఆ బేరింగు ఎంతకాలం వస్తుందో ఎవరూ చెప్పలేరు.

బార్‌మిల్లు మెకానికల్, విశాఖపట్నం

గాడి మార్పిడిని ఆపరేటర్లు లాగ్‌బుక్కులో రాస్తారు, కంప్యూటరుకు వెళ్లదు. ఇది చాలా పనికొచ్చే మాటండీ, ధన్యవాదాలు.

రోల్‌షాపు ఇన్‌ఛార్జి, బళ్లారి

మీ శీర్షికలోని ప్రశ్న దగ్గరికే వస్తాను సార్. దేనికి కట్టాలి ట్విన్? అందరూ స్టాండుకు కడతారు. అందుకే నిలబడదు.

స్టాండు ఒకచోటే ఉంటుంది, బేరింగు ఉండదు. ఈరోజు ఆరో స్టాండు పై రోల్ ఎడమవైపు ఉన్న చాక్, రోల్ మార్చాక రోల్ షాపుకు వస్తుంది, కడుగుతాం, చూస్తాం, వేరే రోల్‌కు ఎక్కిస్తాం, మళ్లీ ఏ స్టాండుకు వెళుతుందో అప్పటి అవసరాన్ని బట్టి ఉంటుంది. తెరమీద ఆరో స్టాండు గీత మాత్రం ఏమీ జరగనట్టు సాగిపోతూ ఉంటుంది. ఆ గీతలో నాలుగైదు బేరింగుల చరిత్ర కలిసిపోయింది. కంపనం ఒక్కసారిగా తగ్గితే కంప్యూటరు పరిస్థితి మెరుగైందంటుంది. నిజానికి చెడ్డ చాక్ పక్క స్టాండుకు వెళ్లింది.

బార్ మిల్లుల్లో ఇంకో చిక్కు ఉంది. నాలుగు వరుసల సిలిండ్రికల్ బేరింగులో లోపలి రింగును వేడిచేసి నెక్ మీద బిగిస్తాం. అది రోల్‌తోనే ఉండిపోతుంది. బయటి రింగు, రోలర్లు చాక్‌లో ఉంటాయి. అంటే ఒకే బేరింగులో సగం రోల్‌తో తిరుగుతుంది, సగం చాక్‌తో తిరుగుతుంది. లోపలి రింగులో పెచ్చు లేస్తే ఆ జబ్బు రోల్ నంబరు వెంట వెళుతుంది, బయటి రింగులో లేస్తే చాక్ నంబరు వెంట. ప్లేట్ మిల్లులు, స్ట్రిప్ మిల్లుల్లో వాడే నాలుగు వరుసల టేపర్ బేరింగు అలా కాదు, అది మొత్తంగా చాక్‌లోనే ఉంటుంది.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. బయటి రింగు తిరగదు కాబట్టి బలమంతా ఒకవైపే పడుతుంది. అందుకే రింగును నాలుగు భాగాలుగా గుర్తులు పెట్టి, తనిఖీ చేసిన ప్రతిసారీ కొత్త భాగం బలం కిందికి వచ్చేలా తిప్పి బిగిస్తాం. చిన్న పెచ్చు లేచిన భాగం బలంలేని వైపుకు పోయిందంటే దాని చప్పుడు దాదాపు వినిపించదు. కొన్ని తనిఖీల తరువాత అదే భాగం మళ్లీ బలం కిందికి వస్తుంది, అప్పుడు లోపం అకస్మాత్తుగా పుట్టినట్టు కనిపిస్తుంది. ఇది మా రిజిస్టరులో ఉంటుంది. ఏ సెన్సారూ చెప్పదు.

కనుక ట్విన్ చాక్‌కు ఒకటి, రోల్‌కు ఒకటి కట్టండి. ఆ రెండూ స్టాండులో కలిసినప్పుడే బేరింగు అవుతుంది.

పరిశోధక విద్యార్థిని, ఆఖెన్

రోల్‌షాపు ఇన్‌ఛార్జి గారూ, మీరు రాసినది చదివి నా మోడల్ పట్టికల నిర్మాణమే మార్చాలనిపిస్తోంది. ఇలాంటి సంగతులు పరిశోధన పత్రాల్లో అరుదుగా కనిపిస్తాయి.

పాడైన బేరింగుల డేటా లేకపోవడం గురించి. అది అందరి సమస్య. బేరింగు పూర్తిగా చెడిపోయేదాకా నడిపి కొలతలు తీసుకోవడానికి ఏ మిల్లూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ట్విన్ బలం ఇక్కడే ఉంది. ముందు ఆరోగ్యంగా ఉన్న యంత్రం కొలతలతో మోడల్‌లోని దృఢత్వం, డాంపింగ్ (కంపనాన్ని అణచే గుణం), ఖాళీలు సరిచూసుకుంటాం. ఆ తరువాత మోడల్‌లోనే బయటి రింగు మీద చిన్న గుంట, రోలర్ మీద పెచ్చు, పెరిగిన ఖాళీ పెట్టి నడుపుతాం. అలా వచ్చిన సంకేతాలతో గుర్తుపట్టే ప్రోగ్రాముకు తర్ఫీదు ఇస్తాం. మోడల్ నిజం కాదు కాబట్టి ఒకే విలువలతో కాకుండా దృఢత్వాన్ని, శబ్దాన్ని, గుంట పరిమాణాన్ని విస్తారంగా మార్చి మార్చి నేర్పాలి. లేకపోతే అది బేరింగు లోపాన్ని కాదు, మన మోడల్ లోపాన్ని నేర్చుకుంటుంది.

డ్రైవుల ఇంజనీరు, జంషెడ్‌పూర్

ఆఖెన్ అమ్మాయి గారూ, ఒక అభ్యంతరం చెప్పాలి. పత్రాల్లో ఎక్కువగా కనిపించేది అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం వారి బేరింగుల డేటా. రెండు హార్స్‌పవర్ మోటారు, వేగం నిమిషానికి 1730 నుంచి 1797 చుట్లు, రింగు మీద విద్యుత్తుతో కొట్టిన శుభ్రమైన గుంట. దాని మీద లోపాలను 99 శాతం సరిగ్గా గుర్తుపట్టామని చూపిస్తారు. మిల్లులో మొదటి స్టాండు రోల్ నిమిషానికి పది చుట్లు కూడా తిరగకపోవచ్చు. చివరి స్టాండు తొమ్మిది వందలు దాటుతుంది. నీళ్లు, స్కేలు (కాలిన ఉక్కు మీద నుంచి రాలే ఆక్సైడ్ పొర), పక్క గేర్‌బాక్సు మోత. అక్కడ నేర్చినది ఇక్కడ పనిచేస్తుందని ఎలా నమ్మమంటారు?

పరిశోధక విద్యార్థిని, ఆఖెన్

నమ్మమనడం లేదు సార్. మీరు చెప్పిన వేగాలకే లెక్క కట్టి చూద్దాం. వరుసకు 20 రోలర్లు, రోలర్ వ్యాసానికి పిచ్ వ్యాసంతో (రోలర్ల కేంద్రాల మీదుగా గీసిన వలయం వ్యాసం) నిష్పత్తి 0.12 అనుకుంటే, బయటి రింగు గుంట మీద చుట్టుకు 8.8 సార్లు రోలర్ దాటుతుంది. లోపలి రింగు గుంటకైతే 11.2 సార్లు. బయటి రింగు గుంటనే తీసుకుంటే, చివరి స్టాండు 900 చుట్ల దగ్గర సెకనుకు 132 దెబ్బలు. మొదటి స్టాండు 8 చుట్ల దగ్గర దాదాపు 0.85 సెకన్లకు ఒక దెబ్బ. రెండు సెకన్లు రికార్డు చేసే మామూలు సెన్సారుకు అక్కడ దొరికేది రెండు మూడు దెబ్బలు. దానితో ఏమీ తేల్చలేం. నెమ్మదిగా తిరిగే స్టాండ్లలో నిమిషాల తరబడి రికార్డు కావాలి, కాలాన్ని బట్టి కాక రోల్ చుట్టును బట్టి విశ్లేషించాలి. అందుకు రోల్ చుట్టుకొకటి చొప్పున సంకేతం తప్పనిసరి.

కాబట్టి ఒక స్టాండులో తర్ఫీదైన ప్రోగ్రామును ఇంకో స్టాండుకు అలాగే తీసుకెళ్లలేం. భౌతిక సూత్రాల మోడల్‌ను మాత్రం తీసుకెళ్లవచ్చు, వేగం, బలం మార్చి మళ్లీ నడపవచ్చు. నా వాదన అంతవరకే.

కంపన విశ్లేషకురాలు, హైదరాబాదు

దీనికి ఒకటి కలపాలి. మొత్తం రికార్డును విశ్లేషించవద్దు. బిల్లెట్ (మిల్లులోకి పంపే ఉక్కు దిమ్మ) తల రోల్స్‌లోకి దూరినప్పుడు వచ్చే దెబ్బ, తోక వదిలినప్పుడు వచ్చే దెబ్బ బేరింగు సంకేతాన్ని ముంచేస్తాయి. మోటారు కరెంటు చూసి ఆ రెండింటి మధ్య నిలకడగా నడిచిన భాగాన్నే కత్తిరించుకోండి. రెండు బిల్లెట్ల మధ్య ఖాళీగా తిరిగే సమయాన్ని కూడా విడిగా దాచండి. బలం ఉన్నప్పుడు, లేనప్పుడు ఒకే స్టాండు ఎలా మారుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే గేర్‌బాక్సు మోత ఏదో, బేరింగుదేదో విడదీయడం తేలికవుతుంది.

ఉష్ణోగ్రత, కంపనం రెండూ కావాలి. పెచ్చు మొదలైనప్పుడు ఉష్ణోగ్రత కదలదు, కంపనం చెబుతుంది. గ్రీజు అందక, నీరు దూరి బేరింగు ఎండిపోతుంటే ఉష్ణోగ్రత చెబుతుంది, కానీ చాక్ బరువైన ఇనుము కాబట్టి ఆలస్యంగా. ట్విన్‌లో ఆ ఆలస్యాన్ని కూడా లెక్కించాలి. ఇప్పుడున్న ఉష్ణోగ్రత కంటే అది ఏ వేగంతో పెరుగుతోంది అన్నది ముందుగా పలుకుతుంది.

డ్రైవుల ఇంజనీరు, జంషెడ్‌పూర్

విశాఖ మిత్రులు సెన్సార్ల గురించి అడిగారు. కొత్తది ఒక్కటీ బిగించకుండా మొదలుపెట్టగలిగే చోటు ఒకటుంది: మోటారు టార్క్ (తిప్పే బలం). డ్రైవులో అది ఇప్పటికే ఉంది.

కడ్డీ తల రోల్స్‌ను పట్టుకోగానే టార్క్ ఒక్కసారి పైకి లేచి, ఊగి, స్థిరపడుతుంది. ఆదర్శ లెక్కలో, బలం ఒక్కసారిగా పడితే స్పిండిల్‌లో (మోటారు తిప్పుడును రోల్‌కు చేరవేసే ఇరుసు) శిఖరం స్థిర విలువకు రెండింతల దాకా పోతుంది. కప్లింగులో, స్పిండిల్ తలలో అరుగుదల వల్ల ఖాళీ పెరిగితే ఆ శిఖరం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ముందు ఆ ఖాళీ మూసుకోవాలి, మూసుకున్నప్పుడు సుత్తిదెబ్బ పడుతుంది. మోటారు, స్పిండిల్, రోల్ అనే మూడు జడత్వాలతో చిన్న మోడల్ రాసి, ప్రతి బిల్లెట్‌కూ మోటారు దగ్గర కొలిచిన స్పందనను మోడల్‌తో పోల్చండి. తేడా వారం వారం పెరుగుతుంటే అరుగుదల పెరుగుతోందని అర్థం. డ్రైవు కొలతలు మిల్లీసెకన్ల స్థాయిలో దాచాలి. సెకనుకు ఒకటి దాచే మామూలు సర్వరులో ఆ ఊపు అసలు కనిపించదు.

ఇది రోల్ బేరింగును చూపదు. మోటారు నుంచి రోల్ దాకా ఉన్న వరుస మొత్తాన్ని చూపుతుంది. కానీ ఖర్చు దాదాపు లేదు.

పేపర్ మిల్లు టెక్నీషియన్, రాజమహేంద్రవరం

మా కాగితం యంత్రంలో కూడా రోలర్లే, కానీ మాకు రోల్‌షాపు గారు చెప్పిన చిక్కు తక్కువ. ప్రెస్ రోల్ నెలల తరబడి ఒకేచోట ఉంటుంది. మా తలనొప్పి వేరు: రెండు రోల్స్, వాటి మధ్య ఫెల్ట్ (తడి కాగితాన్ని మోసే దట్టమైన బట్ట), మూడూ దాదాపు ఒకేచోట కంపిస్తాయి. ప్రతి దానికీ చుట్టు సంకేతం తీసుకుని, ఆ చుట్టుకు సరిపడేలా సగటు కడితే ఎవరి వాటా వారిది బయటపడుతుంది. ఫెల్ట్ మీద మచ్చ వల్ల వచ్చిన కంపనాన్ని రోల్ లోపమని రోల్ మార్చిన సందర్భాలు ఈ పరిశ్రమలో ఉన్నాయి. చుట్టు సంకేతం లేకుండా ఏ ట్విన్‌నూ నమ్మవద్దని నా మాట.

బెల్టుల ఫిట్టరు, గోదావరిఖని

బొగ్గు కన్వేయర్లలో బెల్టును మోసే ఐడ్లర్ రోలర్ల సంగతి కూడా ఎవరైనా మాట్లాడతారని చూస్తున్నాను. ఒక్కో బెల్టు కింద వేలల్లో ఉంటాయి. ఒకటి బిగుసుకుంటే బెల్టు దాని మీద రాచుకుంటూ వేడెక్కుతుంది, బొగ్గు పొడి ఉన్నచోట అది నిప్పుకు దారి. ప్రతి రోలర్‌కూ సెన్సారు పెట్టడం జరగని పని. బెల్టు వెంట ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేసి, దాని ద్వారా శబ్దం వినే పద్ధతి ఉంది. ఏ మీటరు దగ్గర మోత మారిందో అది చెబుతుంది. ఇక్కడ ట్విన్ అంటే ఏ రోలర్ ఎప్పుడు మార్చారన్న పటం, దాని మీద ఈ మోత. అంత చాలు.

రీరోలింగ్ మిల్లు యజమాని, హైదరాబాదు

అందరూ చెప్పేది విన్నాను. మాది చిన్న మిల్లు. అనుభవమున్న ఫిట్టరు చాక్ మీద చెయ్యి పెట్టి చెబుతాడు, చెవి ఆనించి చెబుతాడు. దానికి ఇంత ఖర్చు ఎందుకు? పైగా ఇలాంటివి బిగించిన చోట్ల అలారాలు మోగి మోగి చివరికి ఆపేసుకున్నారని విన్నాను.

కంపన విశ్లేషకురాలు, హైదరాబాదు

అలారాల మాట నూటికి నూరుపాళ్లు నిజమండీ. విశాఖ మిల్లు లెక్కే చూడండి. 18 స్టాండ్లు, స్టాండుకు రెండు రోల్స్, రోల్‌కు రెండు చాక్‌లు, మొత్తం 72 బేరింగులు. షిఫ్టుకొకసారి పరీక్షిస్తే రోజుకు 216 తీర్పులు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని నూటికి ఒకసారి మాత్రమే పొరబడే ప్రోగ్రాము అనుకుంటే కూడా రోజుకు రెండు తప్పుడు అలారాలు, నెలకు అరవై పైన. నిజమైన లోపాలు నెలకు ఒకటో రెండో ఉంటే, ముప్పై నుంచి అరవై అలారాల్లో ఒకటే నిజం. ఆపరేటరు దాన్ని ఆపేయడంలో తప్పేముంది? అందుకే ఒక్క కొలత దాటగానే మోగకూడదు. మోడల్ అంచనాకూ నిజానికీ మధ్య తేడాను కూడబెట్టుకుంటూ పోయి, అది వరుసగా ఒకే దిశలో పేరుకున్నప్పుడే, అదీ ఉష్ణోగ్రత, కంపనం రెండింటిలో ఏది ముందు కదిలిందో చెబుతూ, మోగాలి.

మీ ఫిట్టరు చెయ్యి విషయంలో మాత్రం విభేదిస్తాను. ఆ చెయ్యికున్న విలువ నాకు తెలుసు. కానీ కడ్డీ నడుస్తున్నప్పుడు ఆ చెయ్యి చాక్ మీద ఉండకూడదు. అతను గుర్తుపట్టేది అతనికి దెబ్బ తగలని చోట ఉండి గుర్తుపట్టే ఏర్పాటు చేయడం మన బాధ్యత.

రోల్‌షాపు ఇన్‌ఛార్జి, బళ్లారి

యజమాని గారికి: సెన్సార్లు కొనకముందే చేయగలిగేది ఉంది. చాక్‌లకు, రోల్స్‌కు నంబర్లు కొట్టించండి. ఏ రోజు ఏ చాక్ ఏ రోల్‌తో ఏ స్టాండులో ఏ వైపు ఉంది, రింగు ఏ భాగం బలం కింద ఉంది, ఏ గాడిలో ఎన్ని టన్నులు నడిచింది, విప్పినప్పుడు గ్రీజులో నీరు ఉందా, సీలు ఎలా ఉంది, రింగు మీద ఏం కనిపించింది. ఇవి రాస్తే చాలు, ఏ చాక్ నీరు తాగుతోందో కొద్ది నెలల్లో మీకే తెలుస్తుంది. హాట్ మిల్లులో బేరింగులను ఎక్కువగా చంపేది నీరు, స్కేలు, బిగించేటప్పుడు జరిగే పొరపాట్లే.

ఆఖెన్ అమ్మాయికి: లోపాల డేటా లేదంటున్నారు. రోల్ షాపులో ఉంది తల్లీ. విమానం ఇంజనును ఊరికే విప్పి చూడరు, మేము మాత్రం చాక్‌ను క్రమం తప్పకుండా విప్పుతాం. విప్పిన ప్రతిసారీ రింగు ఫోటో తీసి, దాని నంబరుతో, అంతకుముందు అది నడిచిన రోజుల కొలతలతో జతచేస్తే మీ ప్రోగ్రాముకు నిజమైన జవాబు పత్రం దొరుకుతుంది. ఒక్క షరతు, అలారం వచ్చిన చాక్‌లనే కాదు, రాని వాటిని కూడా అంతే శ్రద్ధగా చూసి రాయాలి. లేకపోతే అది వదిలేసినవి ఎన్నో ఎప్పటికీ తెలియదు.

పరిశోధక విద్యార్థిని, ఆఖెన్

ఆ షరతు అక్షరాలా పాటించాలి. చిన్న పెచ్చులు, గీతలు ఉన్నవి కూడా ఫోటోలో ఉంటే, చెడిపోయిందా లేదా అనే రెండు గడులకు బదులు ఎంత చెడిపోయిందో నేర్పవచ్చు.

బార్‌మిల్లు మెకానికల్, విశాఖపట్నం

మా వాళ్లతో మాట్లాడి ఇలా అనుకున్నాం. తెరమీద బొమ్మ ప్రస్తుతానికి వద్దు. వచ్చే షట్‌డౌన్‌లో 5 నుంచి 8 వరకు స్టాండ్లకు తిరిగే చాక్‌లన్నిటికీ నంబర్లు, ఉష్ణోగ్రత సెన్సార్లు. కంపన సెన్సార్లు చాక్ మీద పెడితే రోల్ మార్చేటప్పుడు కేబుళ్లు తెగుతాయని భయం, కాబట్టి చాక్ మీద బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ రకం ప్రయత్నిస్తాం. నంబరును స్టాండు దగ్గర రీడరు దానంతటదే చదివేలా చాక్‌కు ట్యాగు. గాడి మార్పిడిని ఆపరేటరు తెరమీదే నొక్కాలి, నొక్కకపోతే తరువాతి బిల్లెట్ కౌంటు మొదలు కాకూడదు. డ్రైవు టార్క్ అన్ని స్టాండ్లకూ మిల్లీసెకన్లలో దాస్తాం.

ఒక సందేహం మిగిలింది. లోపలి రింగు రోల్‌తో ఉంటుందన్నారు కదా, రోల్ నంబరు నెక్ మీద కొట్టిస్తే సరిపోతుందా?

రోల్‌షాపు ఇన్‌ఛార్జి, బళ్లారి

నెక్ మీద వద్దు సార్, చాక్ ఎక్కించాక కనిపించదు. డ్రైవ్ లేని వైపు రోల్ చివరి ముఖం మీద కొట్టించండి. లోపలి రింగుకు వేరే నంబరు ఉండాలి. అరిగిన రోల్‌ను పక్కన పడేసినప్పుడు దాని రింగును ఊడదీసి కొత్త రోల్‌కు ఎక్కిస్తాం కదా, అప్పుడు రింగు చరిత్ర కూడా దానితో పాటు కొత్త రోల్‌కు వెళ్లాలి.